ఆ తొమ్మిది మార్కులు ఎవరివి

2019 ఆగస్టు 1, గురువారం నాడు నేను పాలమూరులో ఒక చిన్న ట్రస్టు నడిపే వినికిడి శిక్షణ కేంద్రంలో సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా చేరాను. అంతకుముందు పద్నాలుగేళ్లు అదే ట్రస్టు తరఫున నల్గొండలో పనిచేశాను. పదవీ విరమణకు రెండేళ్ల పదకొండు నెలలు ఉంది. చెవుడుతో పుట్టి, చెవి లోపల యంత్రం అమర్చుకున్న పిల్లలకు వినడం, ఆ తర్వాత మాట్లాడడం నేర్పడం మా పని. యంత్రం పెట్టిన రోజునే పిల్లలు మాట్లాడతారని చాలామంది అనుకుంటారు. యంత్రం శబ్దాన్ని మాత్రమే చేరుస్తుంది. దాన్ని మాటగా గుర్తుపట్టడానికి రెండు మూడేళ్ల సాధన కావాలి.

ఆ సెప్టెంబరులో రూతు అనే పిల్ల వచ్చింది. వయసు మూడేళ్ల ఎనిమిది నెలలు. తల్లి మార్త నారాయణపేట అవతల ఒక పల్లెలో పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి కూలికి పోయేది. మంగళవారం, శుక్రవారం రెండు బస్సులు మారి పదకొండు గంటల పాఠానికి పదీ నలభైకే వచ్చి కూర్చునేది. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. నా హాజరు పట్టీ అంత శుభ్రంగా లేదు.

పాఠం ఎలా జరుగుతుందో చెప్పాలి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటాం, ఎదురుగా కాదు. ఎదురుగా కూర్చుంటే పెదవులు చూసి గ్రహిస్తారు, చెవికి పని ఉండదు. పెదవులు కనబడకుండా ఒక గుండ్రటి చట్రానికి పలుచని బట్ట బిగించి నోటికి అడ్డం పెట్టుకుంటాం. నా చట్రానికి పాత నారాయణపేట చీర ముక్క ఉండేది. ముందుగా ఆరు శబ్దాలు అంటాను: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పిల్ల తిరిగి అంటే యంత్రం సరిగా ఉన్నట్టు. ‘ప’ నేర్పేటప్పుడు పిల్ల నోటి ముందు నా చేతి వెనుక భాగం పెడతాను. వెచ్చటి గాలి తగిలితే వచ్చినట్టు. రూతుకు ‘ప’ 2020 జనవరి 21న వచ్చింది. ఆ గాలి ఎలా తగిలిందో ఈ రోజుకూ చెప్పగలను.

మార్చిలో కరోనా వల్ల అన్నీ మూతబడ్డాయి. జూన్ నుంచి పాఠాలు వీడియోలో మొదలుపెట్టాం. మార్త దగ్గర ఫోను, నా దగ్గర కేంద్రం కంప్యూటర్. పక్కన కూర్చునే పిల్ల అరచేయంత బొమ్మయింది. మోకాలికి మోకాలు తగలడం, జవాబు దొరకనప్పుడు నా కొంగు నలపడం, ఇవేవీ లేవు. పదీ నలభైకి ఖాళీ బెంచీ వైపు చూసే అలవాటు మాత్రం పోలేదు. అయినా పిల్ల ముందుకే నడిచింది. ప్రతి శుక్రవారం పరీక్ష పెట్టేదాన్ని: ఇరవై ఐదు ఇంటి మాటలు నేను చెప్పాలి, పిల్ల తిరిగి చెప్పాలి, స్పష్టంగా వచ్చిన ప్రతి మాటకూ ఒక మార్కు. జూన్‌లో 11, ఆగస్టులో 14, సెప్టెంబరు చివరికి 16.

అక్టోబరు 1న కేంద్రం వాళ్లు నాకు తీగలేని హెడ్‌ఫోన్లు ఇచ్చారు. లేచి బొమ్మలు చూపించేటప్పుడు పాత తీగ లాగేసేది, ఆ బాధ తప్పింది. రెండు వారాలు బాగా పనిచేశాయి. అక్టోబరు 16న రూతుకు 17 వచ్చాయి. ఆ తర్వాత వరసగా శుక్రవారాలు ఇలా ఉన్నాయి: 23న 14, 30న 11, నవంబరు 6న 10, 13న 9.

మాటల మధ్య చిన్న చిన్న ఖాళీలు వస్తున్నాయి. స్, ష్ దాదాపు లేవు. మొదట ఊరి సిగ్నల్ అనుకున్నాను. అయితే సిగ్నల్ పోతే బొమ్మ కూడా ఆగాలి కదా, బొమ్మ చక్కగా కదులుతోంది. కాబట్టి సిగ్నల్ కాదు. చెవి యంత్రం అనుకున్నాను. మార్తను హైదరాబాద్ పంపి చూపించమన్నాను. ఆ రోజుల్లో ఆ ప్రయాణం చిన్నది కాదు. యంత్రం బాగుందని అక్కడివాళ్లు రాసిచ్చారు. ఇక మిగిలింది ఒక్కటే, ఇంట్లో సాధన చేయించడం లేదు. అక్టోబరు 30న మార్తను అడిగాను, కాస్త గట్టిగానే. ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేది కాదు.

“చేపిస్తున్న మేడం,” అంది. ఫోను పిల్ల ముందు పెట్టి పక్కకు జరిగింది.

రోజుకు రెండు గంటలు చేయించాలని చెప్పాను. తర్వాతి వారం మూడు అన్నాను.

మా ట్రస్టులో ఒక నియమం ఉంది. వరసగా మూడు పరీక్షల్లో పన్నెండుకు తగ్గితే వినికిడి దారి ఆ పిల్లకు పట్టలేదని భావించి, సైగల భాషలో చదువు చెప్పే వసతి పాఠశాలకు సిఫారసు చేయాలి. ఆ పాఠశాల మంచిదే. నా చేతుల మీదుగా అక్కడికి పోయిన పిల్లలు బాగా చదువుకున్నారు. అయితే అది హైదరాబాద్‌లో ఉంది. అయిదేళ్లు నిండని పిల్ల ఇల్లు విడిచి పోవాలి, మా పాఠాలు ఆగిపోతాయి. నవంబరు 13న ఫారం నింపి సంతకం చేశాను. 16న అది హైదరాబాద్ కార్యాలయానికి పోయింది. 27న కమిటీ కూర్చుంటుంది.

17న, మంగళవారం, పాఠానికి ముందు సంగతి మార్తకు చెప్పాను. ఆమె ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఆగకుండా మాట్లాడింది. పాఠాలన్నీ కంప్యూటర్లో రికార్డు చేయడం మా పద్ధతి కనుక ఆమె అన్నది అన్నట్టే రాయగలుగుతున్నాను.

“నా బిడ్డ ఏం జేసిందని పట్నం పంపుతరు మేడం? పొద్దుగాల లేసిన కాన్నుంచి అమ్మా కోడి, అమ్మా బువ్వ అనుకుంట నా ఎనకెనకనే తిరుగుతది. నేను పక్కల లేకుంటె నిద్రవోదు. గంత దూరం ఎవ్వల పక్కల పండుకుంటది? మీరే చెప్పుండ్రి.”

ఆ రోజు నా చెవికి చేరింది ఇందులో సగం. ప్రతి వాక్యంలో ఖాళీలు. రూతు మాటల్లో ఎలా ఉన్నాయో సరిగ్గా అలాగే. స్ లేదు, ష్ లేదు. ఆమె మొహం తెర మీద తడబడకుండా కదులుతోంది.

మార్తకు చెవుడు లేదు, మాటలో లోపమూ లేదు.

పాఠం ఆపేశాను. మా కేంద్రంలో ఖాజా భాయి అని ఒకాయన ఉండేవాడు, యాభై మూడేళ్లు. వినికిడి మెషిన్లకు చెవి అచ్చులు పోయడం ఆయన ఉద్యోగం. అంతకుముందు కల్వకుర్తిలో రేడియోలు బాగు చేసేవాడు. ఆయన్ను పిలిచాను. ఆయన నా హెడ్‌ఫోన్లను తన ఫోనుకు కలిపి ఒక పాట విన్నాడు. బాగుంది. పాత తీగ ఇయర్‌ఫోన్లు కంప్యూటర్‌కు పెట్టి మార్త రికార్డు విన్నాడు. ఒక్క అక్షరం పోలేదు. అదే రికార్డును కంప్యూటర్‌తో, తీగలేని హెడ్‌ఫోన్లలో విన్నాడు. ముక్కలు ముక్కలు.

“సామాను మంచిగుంది, కంప్యూటరు మంచిగుంది మేడం. నడుమ దలాలే ఖరాబు,” అన్నాడు.

కంప్యూటర్ చెప్పేది హెడ్‌ఫోన్లకు చేరవేసే ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఖాజా భాయికి మార్కెట్ యార్డు భాషే దగ్గర.

“రైతు ఒక దిక్కు, సేటు ఒక దిక్కు. నడుమ దలాల్ లేకుంటె బేరం కుదురది. మీ పాత దలాల్‌ని తీసేసి కొత్తోన్ని పెట్టిన్రు. వానికి గీ సరుకు తెల్వది.”

నేనెవరినీ పెట్టలేదన్నాను.

“మీరు పెట్టలే. కంప్యూటరే పెట్టుకుంది, మిమ్ముల అడగకుంట. మా బామ్మర్ది గిట్లనే చేస్తడు, ఇంట్ల.”

డ్రైవర్ ఎప్పుడు మారిందో కంప్యూటర్లోనే నమోదై ఉంటుంది. ఆయన తెరిచి చూపించాడు. అక్టోబరు 20. నా రిజిస్టరు తీశాను. ఆ రోజు పేజీలో నా చేతిరాతతోనే ఉంది: ‘కంప్యూటర్ దానంతట అదే ఆగి, అప్‌డేట్ అయి తెరుచుకుంది. 10.05 నుంచి 10.30. ఆ తర్వాత సవ్యంగా ఉంది.’ సవ్యంగా ఉందని ఏ ఆధారంతో రాశానో నాకు తెలియదు. తెర వెలిగింది కాబట్టి అలా రాసి ఉంటాను.

ఖాజా భాయి పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చాడు. ఇంకొకటి కూడా పట్టుకున్నాడు. ఒకే హెడ్‌ఫోన్లు కంప్యూటర్లో రెండు పేర్లతో ఉంటాయి. ఒకటి పాటలు వినడానికి, ఇంకొకటి ఫోను మాటలకు. ఫోను పేరుతో కలిపితే మైకు కూడా పనిచేస్తుంది, అయితే శబ్దం సన్నబడి సకారాల వంటివి పోతాయి. అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ ఆ రెండోదాన్ని పట్టుకుంది. ఆయన మొదటిదానికి మార్చి, మైకుకు కంప్యూటర్‌లోనిదే వాడుకోమన్నాడు. మొత్తం పని నలభై నిమిషాలు.

అక్టోబరు 20 తర్వాతి నాలుగు పరీక్షల రికార్డులను తీగ ఇయర్‌ఫోన్లతో మళ్లీ విన్నాను. 14 అని వేసినది 17. 11 అని వేసినది 18. 10 అని వేసినది కూడా 18. చివరిది, 9 అని వేసినది, 16. ఆ ఒక్కటే నిజంగా తగ్గింది. ఆ రికార్డులో పిల్ల గొంతు అలిసిపోయి ఉంది. మూడు గంటల సాధన నేను చెప్పిందే.

18న ఫారం వెనక్కి ఇవ్వమని ఉత్తరం రాశాను. కారణం దగ్గర ‘సాంకేతిక లోపం’ అని రాస్తే చాలని మా మేనేజరు సలహా ఇచ్చాడు. లోపం సాంకేతికమే, కానీ నాలుగు వారాలు దాన్ని పరీక్షించకుండా పిల్ల పేరు మీద వేసింది నేను. అలాగే రాశాను. 27న కమిటీ సిఫారసును రద్దు చేసి, నాకు ఒక మెమో ఇచ్చింది. రెండూ న్యాయమే.

20వ తేదీ శుక్రవారం మార్తకు జరిగింది చెప్పాను, క్షమించమని అడిగాను. ఆమె వెనక కోళ్ల అరుపు కూడా ఇప్పుడు పూర్తిగా వినబడుతోంది.

“నాకు సదువు రాదు మేడం,” అంది. “పోరి మాట నాకు మంచిగనే ఇనవడుతుండె. మీరు తొమ్మిదే అన్నరని నా చెవులను నేనే నమ్మకపోతి. గోడకు నిలవెట్టి మల్ల చెప్పు, మల్ల చెప్పు అంటి. రెండు దెబ్బలు గూడ ఏస్తి.”

నన్ను తిట్టినా తప్పు లేదన్నాను.

“తిడితే ఏమొస్తది? ఇగ పరీచ్చ నాడు నేను గూడ లెక్క పెడత. చింతగింజలు దగ్గర వెట్టుకుంట. మంచిగ చెప్పిన మాటకు ఒక గింజ గిన్నెల ఏస్త. మీ లెక్క మీది, నా లెక్క నాది. కలవకుంటె అడుగుత.”

ఆ రోజు గిన్నెలో పదిహేను గింజలు పడ్డాయి. నా కాగితంలోనూ పదిహేనే.

కేంద్రం తెరిచాక, 2021 ఫిబ్రవరి 9న రూతు వచ్చింది. పదీ నలభైకి బెంచీ మీద తల్లీ పిల్లా కూర్చుని ఉన్నారు. పది నెలలుగా నేను ఎదురుచూసిన దృశ్యం అది. గదిలోకి రాగానే పిల్ల, తల మీద అయస్కాంతంతో అతుక్కుని లోపలి యంత్రానికి శబ్దం అందించే బిళ్లను తనే ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. ఆమెను గోడకు నిలబెట్టింది నా మార్కులే. నీతో వినను, మాట్లాడను అని చెప్పడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అది. నేను తిరిగి పెట్టలేదు. ఆ రోజు బొమ్మలు పేర్చుకున్నాం. రెండో పాఠంలోనూ, మూడో పాఠంలోనూ అదే జరిగింది. పదకొండో పాఠంలో, మార్చి 16న, బిళ్ల తీయకుండా నా పక్కన కూర్చుంది. పోగొట్టుకున్న నెలలు మాత్రం తిరిగి రాలేదు. నా అంచనాలో ఆ పొరపాటు ఖరీదు రూతుకు అయిదు నెలలు.

ఇప్పుడు ఆమె వాళ్ల ఊరి బడిలోనే చదువుతోంది. మార్త అప్పుడప్పుడు ఫోను చేసి పిల్లకు ఇస్తుంది. ఉద్యోగం దిగాక తిరిగి వచ్చిన నల్గొండలో నా గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఫోనులో ఎంత స్పష్టంగా వినబడినా చేతికి ఊపిరి తగలదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తిరిగి కావాలనిపించేది జీతం కాదు, హోదా కాదు, పక్కన కూర్చుని ఇంకా సరిగా రాని మాట కోసం ప్రయత్నించే ఒక పిల్ల.

చింతగింజల పద్ధతిని తర్వాత మరో అయిదుగురు తల్లులతో అమలు చేశాను. రిజిస్టరులో రెండు గడులు గీసి, తల్లి లెక్క ముందు, నా లెక్క తర్వాత రాసేదాన్ని. 2022 జూన్ 30న నేను దిగిపోయేనాటికి ఆ రెండు అంకెలు పదకొండు సార్లు కలవలేదు. రికార్డులు మరొకరికి వినిపించి చూస్తే నాలుగు సార్లు నా లెక్క సరైనది, ఏడు సార్లు తల్లిది. ఆ ఏడింటిలో మూడు హెడ్‌ఫోన్ల వల్ల. మిగతా నాలుగింటికి యంత్రాల్లో ఏ లోపమూ దొరకలేదు. ఆ ఏడాది మే నెలలో నా చెవులు పరీక్ష చేయించుకున్నాను. స్, ష్ వినబడే భాగంలో రెండు చెవులూ తగ్గాయి. పిల్ల సరిగా అనలేదని రాసేముందు ఆ మాట దాటి వచ్చిన ప్రతి మెట్టునూ పరీక్షించాలి, చివరి మెట్టు పరీక్షకురాలి చెవి.