నేను మింగేసిన ‘దానికదే’

ఒక మనిషికి ఒక మాట తగ్గించి చెప్పాను. అంతకుమించి నేను చేసిన నేరం లేదు. దొంగతనం చేయలేదు, ఎవరి పొలమూ కాజేయలేదు. ఒక్క మాట మింగేశాను. అది అరగలేదు. ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా ఉంది. అన్నం తింటూనే ఉన్నాను, పాఠాలు చెబుతూనే ఉన్నాను, నలుగురిలో నవ్వుతూనే ఉన్నాను. ముల్లు మాత్రం కదల్లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచి, చివరికి వాతావరణం గురించి మాట్లాడి లేచి వచ్చాను.

నేను తెనాలిలో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేశాను. ఊళ్లో ఎవరికి మంచి ఇంగ్లీషులో అర్జీ కావాలన్నా, ఉత్తరం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. ఆ మర్యాద నాకు బాగా ఒంటబట్టింది. నాకు రాదు అన్న మాట అనడం మరచిపోయాను. నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే అనిపించలేదు. అప్పుడు నేను చాలా గొప్పవాణ్ణి.

రెండువేల దశకం మధ్యలో ఒక ఆదివారం రేపల్లె నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. రామలక్ష్మి అనుకుందాం, అసలు పేరు అది కాదు. నాకంటే అయిదారేళ్లు చిన్న. కూర్చోగానే అన్నయ్యగారూ అంది. చేతిసంచీలోంచి రెండొందల పేజీల నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. పేటెంటు దరఖాస్తు ఇంగ్లీషులో రాసిపెట్టాలని అడిగింది.

ఆవిడ కనిపెట్టింది ఏమిటో చెప్పాలి. పిట్టలవానిపాలెం దగ్గర ఒక రైసు మిల్లులో కోటయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. వచ్చిన ధాన్యం మంచిచెడ్డలు చూడటమే ఆయన పని. ఒక గింజ పంటి కింద వేసి కొరికేవాడు. ఆ చప్పుడు విని చెప్పేవాడు. ‘పచ్చి’ అనేవాడు, ‘సరిపోయింది’ అనేవాడు, ‘నూకైపోద్ది’ అనేవాడు. ఎక్కువగా అనే మాట ‘ఇంకో ఎండ’. అంటే ఈ ధాన్యం ఇంకొక్క రోజు ఎండాలి అని. తేమ కొలిచే మీటర్లు అప్పటికే ఉన్నాయి. కానీ మరలో పడ్డాక బియ్యం నిలుస్తుందా, విరిగి నూక అవుతుందా అన్నది మీటరు చెప్పదు. కోటయ్య పన్ను చెప్పేది. ఆ పళ్లు ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి.

రామలక్ష్మి ఆయనకు అన్న కూతురి వరస. పాత టైపు మిషన్‌లో అక్షరం కొట్టే కడ్డీ పీకి, దానితో ఒక చిన్న సుత్తి చేసింది. సుత్తి కింద గింజ. పక్కన టేపు రికార్డర్ మైకు. సుత్తి పడితే గింజ పగిలిన చప్పుడు కంప్యూటర్‌లోకి వెళుతుంది. అదే రాశిలోంచి ఇంకో గింజ కోటయ్య కొరికి తన మాట చెబుతాడు. చప్పుడు, మాట, చప్పుడు, మాట. రెండు పంటల పాటు సెలవు దొరికినప్పుడల్లా ఇదే పని. కొన్ని వేల గింజల తర్వాత కోటయ్య కొరక్కుండానే కంప్యూటర్ ‘ఇంకో ఎండ’ అని చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ దానికి సూత్రం రాసి ఇవ్వలేదు. అది నేర్చుకుంది. ఇప్పుడు ఇలాంటివి పిల్లలు కూడా మాట్లాడుతున్నారు. అప్పట్లో మా వైపు మిషన్ నేర్చుకుంటుందన్న మాట విన్నవాళ్లు లేరు.

దరఖాస్తులో తన పేరు పక్కన కోటయ్య పేరు ఉండాలని పట్టుబట్టింది. మిషన్‌కి చదువు చెప్పింది ఆయనే కదండీ అంది. ఆయన కూడా ఒకసారి తెనాలి వచ్చాడు. మా మాటలు వింటూ కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, ఆ కాగితం వస్తే పటం కట్టిస్తానన్నాడు.

నేను నోటుబుక్కు చదివాను. సగానికి పైగా సుత్తి గురించే ఉంది. ఎంత ఎత్తునుంచి పడాలి, గింజ ఏ వాటంగా ఉండాలి, మైకు ఎంత దూరంలో పెట్టాలి, చెప్పిన మాటను బట్టి కళ్లంలో ఏం చేయాలి. నాకు నామోషీ అనిపించింది. నిజంగా అదే మాట. టైపు మిషన్ కడ్డీ, కొరకడం, ఎండ. ఇవన్నీ ఇంగ్లీషులో రాసి పెద్ద ఆఫీసుకి పంపిస్తే నవ్వరా? అవి ఇంటికొక పిల్లాడు సాఫ్ట్‌వేర్ అని కలవరిస్తున్న రోజులు. నెట్ సెంటర్‌లో కూర్చుని అమెరికా వాళ్ల పేటెంట్లు నాలుగు చదివి వాటి వరస పట్టుకున్నాను. సుత్తి పేజీలు తీసేశాను. ‘ఇంకో ఎండ’ను ‘వర్గీకరణ ఫలితం’ చేశాను. తనంతట తాను నేర్చుకునే సాఫ్ట్‌వేర్ అని మొదటి వాక్యంలోనే పెట్టి, చదువుకుని, మురిసిపోయాను.

ఆవిడ చదివి, సుత్తి సంగతి పెద్దగా లేదేంటని అడిగింది. సాఫ్ట్‌వేర్ అంటేనే విలువని నచ్చజెప్పాను. అయినా ఆవిడ మనసు ఒప్పక, బొమ్మైనా ఉంచమని బతిమాలింది. చివరి పేజీలో ఒక బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు ఉంచాను. దయతలిచినట్టు ఉంచాను.

ఉత్తరాలన్నీ నా చిరునామాకే వచ్చేలా రాసింది కూడా నేనే. దరఖాస్తు పంపిన కొన్నాళ్లకి, దాన్ని పరీక్షించిన పేటెంటు ఆఫీసు నుంచి నివేదిక వచ్చింది. కాలేజీలో స్టాఫ్ రూములో విప్పాను. మన పేటెంటు చట్టం మూడో సెక్షన్‌లో ఒక చిన్న క్లాజు ఉంది. లెక్క పద్ధతులకు, వ్యాపార పద్ధతులకు, అల్గారిథమ్‌లకు, కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘పర్ సే’కి పేటెంటు ఇవ్వరు. మీరు అడుగుతున్నది అదే కదా, జవాబు చెప్పండి అని ఆ నివేదిక. జవాబుకి గడువు కూడా ఇచ్చారు.

పర్ సే. ఇంగ్లీషు మాస్టారిని, ఆ మాటకి అర్థం తెలియదని అనలేను. దానికదే. ఇంకేదీ తోడు లేకుండా, వట్టిగా, దానికదే. ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో.

చెన్నైలో ఒక పేటెంటు ఏజెంటు ఉన్నాడని విని ఫోన్ చేశాను, కాగితాలు పంపాను. ఆయన చదివి చెప్పింది ఇది. ప్రోగ్రామ్ దానికదే అయితే ఆశ లేదు. కానీ గింజని కొట్టే పరికరం ఉంది, చప్పుడు పట్టే మైకు ఉంది, ధాన్యాన్ని ఇంకో రోజు ఎండబెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఉంది. అవన్నీ కలిపి చూపిస్తే అది వట్టి ప్రోగ్రామ్ కాదని వాదించవచ్చు. ‘అసలు బలమంతా అందులోనే ఉంటే దాని గురించి ఇంత తక్కువ రాశారేంటండీ?’ అన్నాడు. కొత్తగా ఏదీ చేర్చడానికి వీల్లేదట. అయినా చివరి పేజీలో బొమ్మ ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని నిలబడవచ్చట. ఖాయమని చెప్పలేను, ప్రయత్నించదగ్గదే, ఆవిణ్ణి నోటుబుక్కు తీసుకుని నాతో మాట్లాడమనండి అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అర్థమైంది. నేను నామోషీ అనుకుని తీసేసిందే దాని ప్రాణం. ఆవిడ బతిమాలి ఉంచిన బొమ్మే దానికి మిగిలిన ఊపిరి. ఆవిడ ఏజెంటుతో మాట్లాడితే మొదటి ప్రశ్న అదే వస్తుంది: తక్కువ ఎందుకు రాశారు? అప్పుడు ఆవిడ నా వైపు చూస్తుంది.

ఆ చూపుకి భయపడ్డాను. అంతేనా? అసూయ కూడా ఉందా? రేపల్లెలో ఫిజిక్స్ చెప్పే ఒకావిడ, పళ్లూడిన ఒక మిల్లు మనిషి, టైపు మిషన్ కడ్డీ పట్టుకుని నాకు అర్థం కానిదేదో చేశారన్న కడుపుమంట ఉందా? లేదని ఇక్కడ రాస్తే మీరు నమ్మవచ్చు. నేనే నమ్మను.

ఆ శనివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. నివేదిక నా బ్యాగులోనే ఉంది. నిజం చెప్పాలనే బయలుదేరాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. కాలేజీ వరండాలో ఆవిడ నాకు కుర్చీ వేసి, తను నిలబడే ఉంది.

‘ఏమన్నారు అన్నయ్యగారూ?’

‘చట్టం ఒప్పుకోదంటమ్మా. కంప్యూటర్ ప్రోగ్రాములకి, లెక్కలకి పేటెంటు ఇవ్వరంట.’

నివేదికలో ఉన్న మాటలే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నాలుక చివరిదాకా వచ్చింది.

‘ఆ కాగితం ఒకసారి చూడొచ్చాండీ?’

‘చెన్నైలో ఏజెంటు దగ్గరుందమ్మా.’

బ్యాగు నా ఒళ్లో ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ వరండా స్తంభానికి ఆనుకుంది. తర్వాత, ‘అయితే నేను చేసింది వట్టి లెక్కేనంటారా?’ అంది.

నన్నే అడిగింది. కాదమ్మా అంటే చాలు. ఆ మూడక్షరాల మాట అనుంటే నేను ఇవాళ ఇది రాయక్కర్లేదు.

‘వాళ్ల దృష్టిలో అంతేనమ్మా’ అన్నాను.

‘పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు? ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్లండి.’

తాగాను. ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది.

గడువు దాటిపోయింది. జవాబు ఇవ్వని దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. దానికి నేనేం చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఊరికే కూర్చోవడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది. చివరి వారంలో రెండుసార్లు ఫోన్ దగ్గరికి వెళ్లాను. రెండుసార్లూ ఇంట్లో ఎవరో పిలిచారని లేచిపోయాను. ఎవరూ పిలవలేదు.

నిజం చెబితే పేటెంటు వచ్చి ఉండేదా? రాకపోవచ్చు. ఏళ్ల తరబడి ఈ వాదనని ఊతకర్రలా పట్టుకుని తిరిగాను. ఎలాగూ రానిదాన్ని నేను పోగొట్టింది ఏముంది? కానీ వచ్చేదో రానిదో తేల్చే హక్కు ఆఫీసుది, ప్రయత్నించే హక్కు ఆవిడది. మధ్యలో నేనెవర్ని? తప్పు చేసినవాడికి ప్లీడరు బుర్ర పుడుతుంది. నాకు మా బాగా పుట్టింది.

ఆవిడ మినుములకి కూడా అలాంటిదే చేయాలని అప్పటికే మొదలుపెట్టింది. ఆపేసింది. సుత్తిని ల్యాబ్ బీరువాలో పెట్టేసిందని వేరేవాళ్లు చెప్పారు. కోటయ్యకి ఆవిడే వెళ్లి చెప్పిందట. ఆయన, ‘నాదేం పోయిందమ్మా, నీ కష్టమే పోయింది’ అన్నాడట. తర్వాత మూడేళ్లకి ఆయన పోయాడు. బాపట్ల ఆసుపత్రిలో. చూడ్డానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టి, మాస్టారికి కుర్చీ వెయ్యండర్రా అన్నాడు. పక్కన అరగంట కూర్చున్నాను. మనవరాలు ఇడ్లీ నలిపి పెడుతోంది, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ నోట్లో ఉన్నదంతా ఒక కంప్యూటర్ నేర్చుకుందని, అది వట్టి లెక్క కాదని ఆయనతో చెప్పాల్సింది నేను. జ్వరం తగ్గిందా అని అడిగి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లకి రామలక్ష్మి రిటైరైంది. రేపల్లెలో సన్మాన సభ. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. పిల్లలెవరో ఆవిణ్ణి, మేడమ్ మీరు ఏదో కనిపెట్టారట కదా అని అడిగారు. ఆవిడ మైకు పట్టుకుని నవ్వింది. ‘కనిపెట్టలేదమ్మా. కనిపెట్టాననుకున్నాను. పేటెంటు వాళ్లు అది వట్టి లెక్కేనని తేల్చారు. తెనాలి అన్నయ్యగారు నాకోసం చాలా తిరిగారు పాపం’ అంది.

చప్పట్లు కొట్టారు. నాకు.

ఆవిడ కంప్యూటర్ పోలేదు, సుత్తి పోలేదు, నోటుబుక్కు పోలేదు. నేను తీసుకున్నది వాటిలో ఏదీ కాదు. తను కనిపెట్టానన్న నమ్మకాన్ని తీసుకున్నాను. అది లేకుండానే ఆవిడ అన్నేళ్లు బెంచీల ముందు నిలబడి, ఇంకొకళ్లు కనిపెట్టినవి పిల్లలకి చెప్పింది. దండ మెడలో వేసుకుని, నవ్వుతూ, తన మీద తానే ఆ తీర్పు చదువుకుంది. తీర్పు రాసినవాణ్ణి పక్క కుర్చీలో కూర్చుని వింటున్నాను. అప్పుడైనా లేవచ్చు. మైకు రెండు బారల దూరంలో ఉంది. లేవలేదు.

క్షమించమని ఇది రాయడం లేదు. క్షమించగలిగిన వాళ్లలో ఒకాయన పోయాడు, ఒకావిడకి క్షమించాల్సింది ఉందనే తెలియదు. తెలిస్తే ఏమంటుందో నాకు తెలియదు. పోనీలెండి అంటుందేమో. ఆ మాటే వద్దు. అది వినాల్సి వస్తుందనే సగం వెనకాడుతున్నాను.

అయినా ఇవాళ ఈ కాగితం మీద ఒక పని చేశాను. ఆ వరండాలో ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు రాశాను. గీతలు కొట్టి, మళ్లీ రాసి, చివరికి రెండే వాక్యాలు మిగిలాయి. రాయడం పూర్తయ్యాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, చాలా ఏళ్ల తర్వాత. ఏడుపు ఆగాక కొంచెం ఊపిరి ఆడింది. ఆ జవాబు ఇది.

వట్టి లెక్క కాదమ్మా. నువ్వు కనిపెట్టావు.