రెండు గీతల సీసా

ఆ వీధి మందుల షాపులో కాంపౌండరుని అందరూ బొంగరం అనేవారు. ఒక్కచోట నిలవడు. మందు కలుపుతూనే గుమ్మం దాకా వెళ్ళొస్తాడు, మూత బిగించిన సీసానే మళ్ళీ బిగిస్తాడు. మొహం మీద మాత్రం ఎవరూ అలా పిలవరు, ‘కాంపౌండర్ గారూ’ అంటారు.

పని నేర్పిన పెద్ద డాక్టరు చుక్కల లెక్కని రోమన్ అంకెల్లో రాసేవాడు. ఒక చుక్కకి ఒక నిలువుగీత, రెండుకి రెండు, పదికి ఇంటూ గుర్తు. మామూలు అంకెలనుకోకుండా వాటి నెత్తిన ఒక అడ్డగీత. ఆయన పోయినా బొంగరం ఆ రాత వదల్లేదు. షాపులో ఆయన స్థానంలోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకసారి అడిగింది కూడా.

“ఇంకా ఈ గీతలేంటండీ? ఎవరైనా పదకొండు అనుకుంటే?”

“ముప్పై ఏళ్ళుగా రాస్తున్నానమ్మా. ఒక్కరూ అనుకోలేదు,” అన్నాడు, కాస్త పౌరుషంగానే.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్దామని బస్సు కోసం నిలబడ్డాడు. పదకొండో నంబరు బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. బోర్డు మీద రెండు నిలువుగీతలు. ఎక్కబోయినవాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. పొద్దున ఒక కోడలు అత్తగారి గుండె మందు పట్టుకెళ్ళింది. సీసాకి అంటించే చీటీ రాస్తుంటే పెన్ను మొరాయించింది. గీతలైతే పడ్డాయి. మరి అడ్డగీత పడిందా?

ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. షాపుకి పరిగెత్తి రిజిస్టరు తిరగేశాడు. పెంకుల ఫ్యాక్టరీ వెనక సందు, మూడో ఇల్లు. ఆ మందు రెండు చుక్కలైతే గుండెకి బలం, పదకొండైతే ప్రాణం మీదికే. గొడుగు మర్చిపోయి, చెప్పు తెగితే దాన్ని చేత్తో పట్టుకుని, దారిలో ఇద్దరిని గుద్దుకుని, తిట్లు తిని, ఆ సందులో పడ్డాడు. మూడో ఇంట్లోంచి అరుపులు వినిపిస్తున్నాయి. గుమ్మం దాకా ఉరికాడు.

లోపల మంచం మీద పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కనే కోడలు చుక్కల గొట్టంతో నిలబడింది. తాపీమేస్త్రీ అయిన మామగారు గ్లాసుని అరచేత్తో మూసేసి కదలనివ్వడం లేదు.

“స్పష్టంగా పదకొండు అని ఉంటే వినరేంటి మామయ్యా! మీకు చదువు రాదు కదా!”

“రాదమ్మా. అందుకే ఉన్నది ఉన్నట్టు చూస్తున్నా. రెండు గీతలు, రెండు చుక్కలు. వంద బస్తాల సిమెంటైనా నేను గోడ మీద గీతలతోనే లెక్కేశాను. నాలుగు గీతలు, మీద ఒక అడ్డం పడితే ఐదు. గీతలు నాకు చెప్పకు!”

“రెండే! రెండే!” అంటూ గుమ్మంలోంచే కేక పెట్టాడు బొంగరం.

కోడలు గొట్టం కింద పెట్టేసింది. “నాలుగు వేసేశానండీ,” అంది ఏడుపు గొంతుతో.

“తాగించలేదుగా?”

“మామయ్య తాగనిస్తేనా!”

బొంగరం గ్లాసు పారబోసి, కడిగి, రెండు చుక్కలు తనే లెక్కపెట్టి ఇచ్చాడు. చీటీ మీద అడ్డగీత పడనే లేదు, అక్కడే ‘రెండు చుక్కలు’ అని అక్షరాల్లో రాశాడు. పెద్దావిడ తాగి, “ఇంతోటి దానికి ఇంత గోలా?” అంది.

షాపుకి తిరిగొచ్చి డాక్టరమ్మకి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. రిజిస్టరు ముందుకు లాక్కుంది. ఆ వారంలో ఆ పెన్నుతో రాసి ఇచ్చిన చుక్కల మందులు ఇంకా తొమ్మిది. రెండు రోజులు అన్నం సహించక ఇల్లిల్లూ తిరిగాడు. ఎనిమిది ఇళ్ళలో అడ్డగీత ఉంది. అయినా పాత చీటీ పీకి, ఎన్ని చుక్కలో అక్షరాల్లో రాసి అంటించాడు. వాళ్ళ చేత పైకి చదివించాడు కూడా. చదవలేని చోట వేళ్ళు చూపించి, వాళ్ళ వేళ్ళతో తిరిగి చూపించమన్నాడు.

తొమ్మిదో ఇంటికి తాళం. మందు వాడే ముసలాయన్ని కూతురు తన ఊరు తీసుకెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు, అడ్రసు మాత్రం ఇచ్చారు. ఉత్తరం రాసి, పోస్ట్‌మేన్ కనబడినప్పుడల్లా ఎదురెళ్ళేవాడు. పన్నెండు రోజులకి కార్డు వచ్చింది.

‘చేదుగా ఉందని నాన్న ఆ మందు ఒక్క చుక్కా తాగలేదండీ. మొదటిరోజే పారబోశారు. బాగానే ఉన్నారు.’

డాక్టరమ్మ చదివి పకపకా నవ్వింది. బొంగరం నవ్వలేదు. “గుండె మందు మానేస్తే ఎలాగమ్మా?” అంటూ ఇంకో ఉత్తరానికి కాగితం వెతకడం మొదలుపెట్టాడు.