బస్సు వెనక సైదులు పేరు

ఏడేళ్లుగా ఒక మనిషి పేరు నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడకండి. ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నాకొక పాత బస్సు ఉండేది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూలుకు కిరాయికి తిప్పేవాణ్ని. స్కూలు బస్సంటే ఎండాకాలం సెలవుల్లోనే రంగు వేయించి, జూన్‌కు ముందే ఫిట్‌నెస్ చేయించుకోవాలి. బస్సు కొన్న ఏడాది, మంచి పని తక్కువలో చేసే షాపు కోసం తిరగని చోటు లేదు. సూర్యాపేటలో రేటు వింటే కళ్లు తిరిగాయి. కోదాడలో రేటు బాగానే ఉంది, పనే నచ్చలేదు. చివరికి రైస్‌మిల్లు లారీల డ్రైవర్లు మిర్యాలగూడలో సైదులు షెడ్డు చూపించారు.

సైదులు పాత రంగంతా గీకించి, రేకును చేత్తో తడిమి చూసుకున్నాకే రంగు డబ్బా మూత తీసేవాడు. పని అయ్యాక బస్సు వెనక కింది మూలన, ఎర్ర రంగుతో చిన్నగా 'పెయింటర్ సైదులు, మిర్యాలగూడ' అని రాసేవాడు. పెయింటర్లందరూ అలా రాసుకుంటారు. కానీ ఆ పేరు చూశాక మా స్కూలు కరస్పాండెంట్ బస్సు చుట్టూ కూడా తిరిగి చూడలేదు. సైదులు వేశాడంటే లోపలి రేకు కూడా గట్టిగా ఉన్నట్టే లెక్క.

రెండేళ్ల తర్వాత మళ్లీ అతని దగ్గరికే తీసుకుపోయాను. ఎక్కే మెట్టు మీది రబ్బరు షీటు లేపి, స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది సగం దాకా దిగింది.

"మెట్టు కాడ రేకంత తుప్పు తిన్నదన్నా. వెల్డింగ్ చేపిచ్చుకొని రా, గప్పుడేస్త. తుప్పు మీద రంగేసి నా పేరు రాసుకోను."

స్కూళ్లు తెరవడానికి వారం కూడా లేదు. అందుకే వినలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. షెడ్డులో నలుగురు డ్రైవర్ల ముందు ఆ మాట అన్నాడని నాకు మంట. రంగులు వేసుకునేవాడు నాకు బుద్ధి చెప్పడమేమిటని మంట. ఆ మంటతోనే బస్సు తిప్పుకుని నేరుగా కోదాడ పోయాను. అక్కడ నేను చెప్పినట్టే చేశారు. తుప్పు బొక్కల్లో లప్పం కూరి, నున్నగా రుద్ది, పైన పసుపు కొట్టారు. పైన పటారం, లోన లొటారం. తెలిసే చేయించాను. వెనకవైపు కొట్టబోతూ అక్కడి పెయింటర్, ఈ పాత పేరు తీసేయమంటారా అండీ అని అడిగాడు.

ఉండనీ అన్నాను.

ఎందుకన్నాను? ఆ పేరుంటే కరస్పాండెంట్ ఏమీ అడగడని. అంతేనా? కాదు, నువ్వు రాయనంటే నీ పేరు రాదనుకున్నావా అన్న కచ్చ కూడా ఉంది. పేరు మీద కాగితం అంటించి చుట్టూ స్ప్రే కొట్టారు. కాగితం పీకితే, పేరు చుట్టూ అట్టముక్కంత పాత పసుపు వేరుగా కనిపించింది. కళ్లున్నవాడెవడైనా పట్టేయాల్సింది. ఎవడూ చూడలేదు, ఫిట్‌నెస్ కూడా అయిపోయింది.

స్కూలు తెరిచిన రెండో వారం వాన పట్టింది. తిరుమలగిరి రోడ్డులో బస్సు ఆపి పిల్లల్ని దింపుతుండగా, మెట్టు మీద నిలబడ్డ ఆయమ్మ లింగమ్మ కాలు రేకులోంచి మోకాలి దాకా దిగబడింది. ఎముక విరిగింది. అప్పటికే దిగిన పిల్లలు రోడ్డు మీద నిలబడి ఏడుస్తుంటే, నేను చూసింది ఆ మెట్టును కాదు. బస్సు వెనకకు పోయి ఆ పేరు ఉందా లేదా అని చూశాను. నేను అలాంటివాణ్ని.

మర్నాడు కరస్పాండెంట్ సైదులును స్కూలుకు పిలిపించి, పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబెట్టాడు. తుప్పును లప్పంతో కప్పి మోసం చేశావని తలా ఒక మాట అన్నారు. సైదులు బస్సు వెనకకు నడిచి, పేరు చుట్టూ ఉన్న ఆ పాత పసుపు అంచును వేలితో నెమ్మదిగా తడిమాడు. అతనికి అంతా అర్థమైపోయింది. నా వైపు తిరిగాడు.

"ఇది నేనేసిన రంగు గాదని నీకెరికే గదన్నా. జర సార్‌కు నువ్వే చెప్పు."

"పేరు నీదే ఉన్నది గద సైదులూ."

అంతే. ఒక్క మాట. అతను తిడితే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. నా ముఖం ఒకసారి చూసి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. తేలు కుట్టిన దొంగలా నేను అక్కడే నిలబడ్డాను.

మిగతా స్కూళ్లకు ఫోన్లు వెళ్లాయి. మిల్లులవాళ్లూ మానేశారు. ఏడాది తిరక్కుండా సైదులు షెడ్డు మూతపడింది. ఇప్పుడు సూర్యాపేటలో వేరేవాళ్ల షెడ్డులో కూలికి లప్పం రుద్దుతున్నాడు. అతను పనిచేసిన బస్సుల వెనక ఇంకొకరి పేరు ఉంటుంది. నేను ఆ వీధిలోకి పోవడం మానేశాను.

లింగమ్మ దవాఖాన ఖర్చంతా పెట్టుకున్నానని నన్ను ధర్మాత్ముణ్ని చేశారు జనం. ఆమె ఇప్పటికీ కుంటుతూ ఎదురొచ్చి, నువ్వేం జేస్తవ్ బిడ్డా, ఆ పెయింటరోడు జేసిన పాపమది అంటుంది. నేను తల ఊపుతాను. ఊపిన ఆ తలను గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

కాబట్టి వినండి. మెట్టు పాడైందని సైదులు చెప్పాడు, నేను విన్నాను. ఆ లప్పం, ఆ రంగు నేను వేయించినవి. ఆ పేరు నేను ఉంచమన్నది. లింగమ్మ కాలు విరగ్గొట్టింది నేను, సైదులు కాదు.

ఇంత రాశాక గొంతులో అడ్డం కాస్త జరిగినట్టుంది. ఆ హాయి మీద కూడా నాకు కోపమే. సైదులు తాను చేసిన ప్రతి పని కిందా తన పేరు రాశాడు. ఇదంతా రాసి, కింద నా పేరు రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.