లచ్చిరాం సార్ నేర్పిన కారు లెక్క

కారుకు ఛార్జింగ్ పెట్టిన పది నిమిషాలకు ప్లగ్గు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను. గోరువెచ్చగా తగిలితే సరే, చుర్రుమంటే లోపల ఎక్కడో స్క్రూ వదులైనట్టు. నిన్న సాయంత్రం కూడా పాల్వంచలో మా ఇంటి వాకిట్లో అలాగే చెయ్యి పెట్టాను. ఆ వెచ్చదనం తగలగానే లచ్చిరాం సార్ పక్కన నిలబడి "ఎట్లుంది?" అని అడిగినట్టే అనిపించింది. ఎలక్ట్రిక్ కారు కొంటే పెట్రోలు కారు కన్నా నిజంగా డబ్బు మిగులుతుందా అని ఈ మధ్య నన్ను అడగనివాళ్లు లేరు. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, బ్యాంకులో గుమాస్తా అడుగుతాడు. మాకైతే మిగిలింది, ఆ మాట ధైర్యంగా చెప్పగలను. కానీ ఎవరికి మిగులుతుందో ఎవరికి మిగలదో విడదీసి చూడడం నాకు నేర్పిన మనిషిని వీళ్లెవరూ ఎరగరు. అందుకే ఆయన గురించి రాస్తున్నాను.

ఆయన కొత్తగూడెంలో మా బొగ్గుగని కంపెనీ కాలనీకి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. దమ్మపేట వైపు ఒక తండాలో పుట్టి పెరిగారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో టెస్టర్ లేకుండా పెళ్లికి కూడా వెళ్లేవారు కాదు. గనిలో పనిచేసే మా నాన్న జబ్బుచేసి పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చి, తీసుకెళ్లి ఈయన కింద వేశారు. చీర కొంగు దోపుకుని స్తంభాల దగ్గర నిలబడ్డ నన్ను చూసి సెక్షన్‌లో అందరూ ముసిముసిగా నవ్వుకుంటుంటే, ఆయన మాత్రం దగ్గరికొచ్చి, "భయమైతుందా విజయా?" అని అడిగారు. అవునన్నాను. "మంచిదే. భయం లేనోళ్లను నేను స్తంభం ఎక్కనియ్య," అన్నారు. ఏ పని ముగించి చూపించినా బాగుందనడం ఆయన నోట రాదు. "ఏం మర్సినవో సూడు," అంటారు. నిజంగానే ఏదో ఒకటి మర్చిపోయి ఉంటాను. మొదట్లో ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది.

మా ఆయన శ్రీను అప్పటికి పదకొండేళ్లుగా వేరేవాళ్ల బండ్లు నడుపుతున్నాడు. కొత్తగూడెంలోనే ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్లో రైలు దిగి, గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు ఉందని అప్పుడు తెలుసుకుని బిక్కమొహం వేసే యాత్రికులే అతని జీవనాధారం. వాళ్లను ఎక్కించుకునేది శ్రీను, కిరాయి జేబులో వేసుకునేది ఓనరు. సొంత బండి ఉండాలని అతను అనని రోజు లేదు. ఎలక్ట్రిక్ కార్లు రోడ్డు మీద కనబడడం మొదలైనప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మాకు నచ్చిన కారు అదే సైజు పెట్రోలు బండి కన్నా దాదాపు నాలుగు లక్షలు ఎక్కువ. మా దగ్గర సరిగ్గా అంతే ఉంది. నాన్న పోయాక కంపెనీ ఇచ్చిన దానిలో చివరికి మిగిలిన డబ్బు అది. అమ్మకు ఏదైనా అయితే పనికొస్తుందని బ్యాంకులో ముట్టకుండా ఉంచాం. అది పెడితే మిగతాది అప్పు దొరుకుతుంది. శని ఆదివారాలు యాత్రికులు, మిగతా రోజులు పాత ఓనరు దగ్గరే పని. మేముండే కంపెనీ క్వార్టర్లో కరెంటుకు కట్టేది ఏమీ లేదు కాబట్టి కారు ఉచితంగా తిరుగుతుంది. ఇంకేం కావాలి? కాగితం మీద ఇల్లు కట్టేసినంత సంబరపడ్డాం.

ఆ కాగితం సార్‌కు చూపించాను. మెచ్చుకుంటారనే తీసుకెళ్లాను, అబద్ధం ఎందుకు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివారు.

"కరెంటు కాడ సున్న పెట్టినవేంది?"

"క్వార్టర్ల కరెంటు ఫ్రీయే గద సార్."

"నీకు ఫ్రీ. వైరుకు ఫ్రీనా?"

నాకు కోపం వచ్చింది. "కాలనీల అందరూ హీటర్లు పెడ్తున్నరు, కరెంటు పొయ్యిలు పెడ్తున్నరు. నేను కారు పెడితేనే తప్పా సార్?"

"అవ్, పెడ్తున్నరు. మొన్న ఎండలల్ల మీ లైన్ల ఫ్యూజు ఎన్నిమాట్లు పోయింది?"

"నాలుగు మాట్లు."

"ఎవరేసిండ్రు?"

"నేనే సార్."

"నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగటీలి పండుకున్న మనిషి నెత్తి మీద ఫ్యాన్ ఆగుతది. గది ఈ కాయితంల ఏడ రాసినవ్?" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆ రోజంతా ఆయనను మనసులో తిట్టుకున్నాను. ఆయనకేం, పిల్లలు స్థిరపడ్డారు, రిటైర్మెంట్ దగ్గరపడింది, ఎన్ని నీతులైనా చెబుతారు అనుకున్నాను. మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తుంటే క్వార్టర్ల వరసలో ఒక తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నేల మీద బనీనుతో ఒకతను బోర్లా పడి నిద్రపోతున్నాడు. మా నాన్న కూడా అలాగే పడుకునేవాడు. ఎండాకాలంలో కరెంటు పోతే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టి చేతికి విసనకర్ర ఇచ్చేది. నా చెయ్యి నొప్పెడుతోందని కళ్లు తెరవకుండానే ఎట్లా కనిపెట్టేవాడో, "సాలు బిడ్డా, పోయి సదువుకో," అనేవాడు. నేను లేచిన రెండు నిమిషాలకు చెమటకు తాళలేక లేచి కూర్చునేవాడు. మళ్లీ సాయంత్రానికి గనిలోకి దిగాలి. ఆయన డబ్బుతో కారు కొని, ఆయన లాంటివాళ్ల నిద్ర చెడగొట్టడానికి నేను కాగితం మీద సున్నా పెట్టానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి ఆ సున్నా కొట్టేశాను.

మర్నాడు సార్ ఏమీ జరగనట్టే టీ చెప్పి, నన్ను కూర్చోబెట్టి లెక్క మొత్తం మళ్లీ వేయించారు. బిల్లు కట్టే ఇంట్లో ఛార్జింగ్ పెడితే అయ్యేది రాయమన్నారు. దారిలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టాల్సి వస్తే ఇంటి రేటుకు రెట్టింపు దాటుతుంది, అది రాయమన్నారు. ఒక్క ఛార్జింగుకు ఇన్ని కిలోమీటర్లు వస్తాయని షోరూం వాళ్లు చెప్పినదానిలో ముప్పావు వంతే నమ్మమన్నారు. ఇన్సూరెన్సు ఎక్కువ, బరువుకు టైర్లు తొందరగా అరుగుతాయి, అప్పుకు వడ్డీ ఉంది. అన్నీ రాసి కూడితే, వారానికి రెండు రోజులు తిరిగే బండికి ఆ ఎక్కువ పెట్టిన నాలుగు లక్షలు ఎప్పటికి తిరిగి వస్తాయో అంతు దొరకలేదు. అలాంటప్పుడు పెట్రోలు బండే నయం.

"అంటే వద్దంటరా సార్?"

"వద్దన్లే. రోజుకు నూటయాభై కిలోమీటర్లు తిరిగే పని దొరికినంక కొనుమంటున్న. నిలబడ్డ బండి ఏం మిగలపెట్టది బిడ్డా. తిరిగితేనే పెట్రోలుకు కరెంటుకు ఉన్న తేడా నీ చేతికొస్తది. ముందుగాల్ల శ్రీనును ఒక్క నెల పాత బండి కిరాయికి తీస్కోని తిరగమను. ఆ దారి నిలబడితే అప్పుడు కొను."

కొనకముందే నెల రోజులు కిరాయి బండి తిప్పడమా అని శ్రీను గొణిగాడు. అయినా తిప్పాడు. కొత్తగూడెం నుంచి దమ్మపేట వైపు స్కూళ్లకు రోజూ రెండు బస్సులు మారి పోయే టీచర్లున్నారని అతనికి తెలుసు. పొద్దున వాళ్లను దింపి, అక్కడే చుట్టుపక్కల చిన్న కిరాయిలు చూసుకుని, సాయంత్రం వెనక్కి తేవాలని అనుకున్నాడు. మొదటి పది రోజులు ఒక్క టీచరమ్మే ఎక్కింది. ఆమె ముందు సీట్లో రాణిలా కూర్చునేది, వెనక సీటు ఖాళీ. పెట్రోలు డబ్బులు కూడా రాక శ్రీను నా మొహం చూడడం మానేశాడు. మూడో వారానికి నాలుగు సీట్లూ నిండాయి. నెలాఖరున మీటరు చూసి రోజుల సంఖ్యతో భాగిస్తే నూటయాభై దాటింది. నేను ఆ అంకె చెప్పగానే సార్, "ఇగ కొను," అన్నారు. పదేళ్లలో ఆయన నోట విన్న మెచ్చుకోలు అదొక్కటే.

క్వార్టర్ ఖాళీ చేసి పాల్వంచలో అమ్మ దగ్గరికి మారాం. ఉచితంగా వచ్చే కరెంటు వదిలేసి బిల్లు కట్టే ఇంటికి పోతున్నామని కాలనీలో నవ్వనివాళ్లు లేరు. క్వార్టర్ వదిలితే జీతంలో ఇంటద్దె కలుస్తుందని, కరెంటు బిల్లు చాలావరకు అందులోనే పోతుందని సార్ ముందే చెప్పారు కాబట్టి నేనూ నవ్వి ఊరుకున్నాను. కారుకు వేరే మీటరు పెట్టించాం. షాక్ కొట్టకుండా మట్టిలో పాతే ఎర్తింగ్ తానే వేస్తానని ఒక ఆదివారం సార్ వచ్చారు. గుంటలో ఉప్పూ కట్టెబొగ్గూ పొరలు పొరలుగా వేయాలి. గనుల పక్కన బతికే మాకు ఆ రోజు కట్టెబొగ్గు దొరకలేదు. చివరికి ఒక ఇస్త్రీ బండాయన దగ్గర అర బస్తా తెచ్చాం. సార్ గుంట పక్కన గొంతుక్కూర్చుని బొగ్గులు పేరుస్తూ, "బొగ్గు మీద పెన్షన్ తినబోతున్న, బొగ్గు కోసం అడుక్కున్న," అని పడీ పడీ నవ్వారు. అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, నా చేత ప్లగ్గు మీద చెయ్యి పెట్టించి, ఎట్లుందో చెప్పించుకునే వెళ్లారు.

ఆ తర్వాత అయిదేళ్లు కారు తిరిగింది. మే నెలలో ఏసీ వేస్తే కిలోమీటర్లు తగ్గాయి, సార్ రాయించిన ముప్పావు వంతు దగ్గరే ఆగాయి. నవమికి భద్రాచలంలో ఛార్జింగ్ కోసం రెండు గంటలు వరసలో నిలబడి శ్రీను ఒక కిరాయి పోగొట్టుకున్నాడు. టైర్లు అనుకున్నట్టే తొందరగా అరిగాయి. ఏదీ మమ్మల్ని పడగొట్టలేదు, ఎందుకంటే అన్నీ ఆ కాగితంలో ముందే ఉన్నాయి. పెట్రోలు బంకు ముందునుంచి ఆగకుండా వెళ్లిన ప్రతిసారీ శ్రీను హారన్ కొట్టేవాడు. చిన్నపిల్లాడి వేషాలు వద్దని నేను కసిరేదాన్ని.

నడుమ సార్ రిటైరయ్యారు. తండాకు వెళ్లే ముందు ఒక కాగితం నా చేతిలో పెట్టి, "నేను గూడ చిన్న కరెంటు కారు కొందామనుకుంటున్న. వారానికి రెండుమాట్లు దమ్మపేట దాక పోయొస్త. మిగుల్తదా?" అని అడిగారు. నేను పెన్ను కూడా తీయలేదు.

"మిగలదు సార్. మీకు పాత పెట్రోలు బండే నయం."

"సరిగ్గ చెప్పినవ్," అని తృప్తిగా నవ్వారు. పదిహేను రోజుల్లో నీలం రంగు ఎలక్ట్రిక్ కారు కొన్నారు. నేను ఫోన్ చేసి, మరి నన్నెందుకు అడిగారని దెబ్బలాడాను.

"మిగుల్తదని నన్ను నేను మోసం చేస్కోకుంట కొందామని అడిగిన. ముప్పయ్యారేండ్లు మంది ఇండ్లకు కరెంటు పని చేసిన. ఒక్కమాటన్న కరెంటు మీద నేను తిరగాలె. గది నా ముచ్చట విజయా, లెక్క గాదు," అన్నారు.

పోయిన ఎండాకాలం గుండెపోటుతో సార్ వెళ్లిపోయారు. మా అప్పు ఆఖరి కిస్తీ కట్టింది పోయిన నెలలో. నిజానికి అయిదేళ్లుగా మిగిలిందంతా కిస్తీగానే పోయింది. మొన్న మొదటిసారి ఆ డబ్బు మా దగ్గరే ఉండిపోయింది. నాన్న డబ్బులో మొదటి విడత అమ్మ పేరున మళ్లీ బ్యాంకులో వేశాం. ఇది సార్‌కు చెప్పాలి అని నేనూ శ్రీనూ ఒకేసారి అన్నాం. ఆ ఆదివారం తండాకు వెళ్లి, సార్ భార్య కమలమ్మకు చెప్పాం. ఆమె సంతోషించి, మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లింది. రేకుల కింద నీలం కారు పాత దుప్పటి కప్పుకుని ఉంది.

"పిల్లలు ఉంచుమంటున్నరు, నాయన గురుతని. నాకేమో నడపరాదు. నువ్వు చెప్పు బిడ్డా, ఉంచాల్నా, అమ్మాల్నా?"

ఉంచండమ్మా అనాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆ దుప్పటి తీస్తే సీటు ఇంకా ఆయన పొడుగుకు వెనక్కి జరిపే ఉంటుంది. కానీ మనసు ఎంత లాగినా కాగితం చెప్పేదే పైకి అనడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయన ఇంట్లో నిలబడి మరో మాట ఎలా అంటాను?

"నిలబెడితే బ్యాటరీ చెడిపోతదమ్మా. ఇప్పుడైతే మంచి ధర వస్తది. అమ్మేయండి," అన్నాను.

కమలమ్మ కారు మీది దుప్పటి సర్దింది. "ఆయనున్నా గదే చెప్పేటోడు," అంది. ఆయన పోయిన రోజున అందరిముందూ నేను ఆపుకున్న ఏడుపు అక్కడ ఇక ఆగలేదు.