పచ్చకారు మీద గురునాథరావు నంబరు

మా సెక్టర్ 7లో గురునాథరావుగారిని ఎరగనివారు లేరని వ్రాస్తే అతిశయోక్తి అవుతుంది. ఆయన కారును ఎరగనివారు లేరని వ్రాస్తే కాదు. ఆయన మితభాషి, కారు కాదు. అది వీధి మలుపులో ఉండగానే దాని గొంతు మా వంటింట్లోకి వచ్చేది.

టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1959లో భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారపు మెషీన్ షాపులో ముప్ఫై నాలుగేళ్ళు లేతు యంత్రం మీద పనిచేసి, 1993లో పదవీ విరమణ పొందిన మనిషి ఆయన. 1981లో ఖైరాగఢ్ వెళ్ళే దారిలో, ఒక మాల్గుజారు ఇంటి పశువుల కొట్టంలో ఆ కారు ఆయన కంటబడింది. మాల్గుజారంటే ఆ ప్రాంతపు భూస్వామి. అది 1952లో ఇంగ్లండులో తయారైన పచ్చరంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముందు పొడవాటి బానెట్టు, సైకిలు చక్రాలవలె ఊచల చక్రాలు. నడిపేవాని సీట్లో కోడి పొదుగుతున్నది. మాల్గుజారుగారి కొడుకు కారును గురునాథరావుగారి పేరుకు మారుస్తూ కాగితాల మీద సంతకాలు చేసి, కోడిని మాత్రం తానుంచుకొన్నాడు.

తరువాతి పన్నెండేళ్ళు ఆయన షిఫ్టు దిగి, స్నానం చేసి, టీ త్రాగి, పెరటి రేకుల షెడ్డులోకి వెళ్ళేవారు. ఆ కారుకు విడిభాగాలు ఈ దేశంలో ఎక్కడా దొరకవు. దొరకనిదానిని ఆయన తయారుచేసుకొన్నారు. ఆయన భార్య అచ్చమ్మగారు మా గేటు దగ్గర నిలబడి, "నాకు సవితి ఇంగ్లండు నుంచి దిగింది, టీచరమ్మా! దానికి నూనె రాసి, తుడిసి, బొట్టొక్కటే ఎట్టడం లేదు ఈ మనిషి" అనేవారు. అంటూనే షెడ్డులోకి టీగ్లాసు పట్టుకొని వెళ్ళేవారు.

ఇక్కడ ఆ షాపువారి అలవాటు ఒకటి చెప్పాలి. అది లేకపోతే ఈ కథే లేదు. కర్మాగారంలో ప్రతి కార్మికునికీ ఒక టోకెన్ నంబరు ఉంటుంది. గురునాథరావుగారిది 21864. ఆ మెషీన్ షాపులో ఒక ముక్క తయారుచేసినవాడు, అది తన చేతి నుంచి వెళ్ళేముందు, ఉక్కు అంకెల పంచ్‌లు పెట్టి సుత్తితో కొట్టి దాని మీద తన టోకెన్ నంబరు గుద్దుతాడు. రేపు ఆ ముక్క విరిగితే ఎవరిని పిలవాలో అందరికీ తెలియాలి. ముప్ఫై నాలుగేళ్ళు అలా గుద్దిన చేతికి అది ఊపిరి పీల్చినంత సహజమైపోయింది.

1988లో కారు చాసిస్, అంటే అడుగు చట్రం, ముందుభాగం తుప్పు పట్టి, చేతితో నొక్కితే పొడిగా రాలింది. ఆయన దానిని కోసి పారవేసి, కొత్త ఉక్కుపలకతో అచ్చంగా అటువంటి ముక్కనే చేసి అతికించారు. అతికించి, అలవాటు చొప్పున దాని మీద 21864 అని గుద్దారు. కోసి పారవేసిన తుప్పుముక్క మీద కంపెనీవారు గుద్దిన చాసిస్ నంబరు 7340 ఉండేదనీ, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్నది ఆ నంబరేననీ ఆయనకు అప్పుడు స్ఫురించలేదు. ఆరేళ్ళ వరకూ స్ఫురించలేదు.

1994 డిసెంబరులో దుర్గ్ ఆర్టీవో కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. కారు రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరింది. పదహారో తేదీ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా బండిని తనిఖీకి తేవాలి. తేనిచో రిజిస్ట్రేషన్ శాశ్వతంగా రద్దవుతుంది. రద్దయితే అది కారు కాదు, తుక్కు. పన్నెండేళ్ళ పని పెరటి షెడ్డు దాటి ఇక బయటకు రాదు.

శుక్రవారం ఉదయం తొమ్మిది దాటగానే ఆయన కారు తీశారు. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా సంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చి, అచ్చమ్మగారిని ఎక్కమన్నారు.

"కప్పు లేని బండిలో నన్ను ఊరేగిత్తారేటి?" అన్నారామె.

"సలికాలం. మంకీ క్యాపు ఎట్టుకో."

"పట్టుసీర మీద మంకీ క్యాపేటండీ! సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"బండిని సూత్తారు. నిన్నెవలు సూత్తారే!"

ఆమె మంకీ క్యాపు పెట్టుకొని ఎక్కారు.

నెహ్రూ నగర్ కూడలి దగ్గర పోలీసు జీపు అడ్డంగా నిలబడి ఉన్నది. కానిస్టేబుల్ చేయెత్తి కారును ప్రక్కకు తీయించాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ దేవాంగన్ జీపు దిగి కారు చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగాడు. ఆయన మాట్లాడినది హిందీ. నేను తెలుగులో వ్రాస్తున్నాను.

"ఎక్కడ్నుంచి ఎత్తుకొచ్చారు, చాచా?"

"ఎత్తుకు రాలేదు సాబ్. నా బండి. పుస్తకముంది."

దేవాంగన్‌కు అనుమానం ఊరికే రాలేదు. పాత భూస్వాముల ఇళ్ళలో మూలపడిన విదేశీ కార్లను దొంగిలించి, నంబర్లు మార్చి, బొంబాయిలో అమ్మే ముఠా ఒకటి తిరుగుతున్నదని వారం క్రితమే రాయపూర్ నుంచి వైర్‌లెస్ సందేశం వచ్చింది. ఆయన పుస్తకం తెరిచి, బానెట్టు ఎత్తమన్నాడు. ఇంజను నంబరు సరిపోయింది. తరువాత వంగి చాసిస్ మీద చూశాడు. పుస్తకంలో 7340. ఇనుము మీద 21864.

"ఇదేమిటి?"

గురునాథరావుగారు తామూ వంగి చూశారు. ఏ అంకె కోసమూ తడుముకోని మనిషి మొదటిసారి తడబడి, "అది... నా నంబరు సాబ్" అన్నారు.

"మీ నంబరా! కారు మీద మీ నంబరెందుకు? ఆ పెట్టెలో ఏముంది?"

సీటు వెనుక పనిముట్ల పెట్టె ఉంది. కానిస్టేబుల్ తెరిచాడు. పైనే, నూనెగుడ్డలో చుట్టి, సున్న నుంచి తొమ్మిది వరకు అంకెల పంచ్‌లు మెరుస్తూ కనిపించాయి.

"శభాష్" అన్నాడు దేవాంగన్. "నంబర్లు మార్చే సరంజామా వెంటే పెట్టుకొని తిరుగుతున్నారు. బండి ఠాణాకు పదండి."

"పన్నెండులోపు దుర్గ్ చేరాలి సాబ్. లేకపోతే బండి చచ్చిపోతుంది." గురునాథరావుగారు ఆర్టీవో ఉత్తరం చూపించారు. తుప్పు కథ చెప్పారు. టోకెన్ నంబరున్న పాత గుర్తింపుకార్డు చూపించారు.

దేవాంగన్ అన్నీ చదివాడు. "ఈ ముక్క మీరు చేశారని నమ్ముతాను. దాని క్రింద ఉన్న కారు ఎవరిదో ఎలా నమ్మను? ఇంజను ఒక బండిది తీసి ఇంకో బండిలో పెట్టవచ్చు కదా?" అని, పై అధికారిని అడుగుదామని జీపులోని వైర్‌లెస్ దగ్గరకు వెళ్ళాడు. అప్పటికి పది దాటింది.

ఈలోగా జనం చేరారు. రాత్రి షిఫ్టు ముగించుకొని టీబడ్డీ దగ్గర కూర్చున్నవారు, సెలవు మీద బజారుకు బయలుదేరినవారు, సగంమంది కర్మాగారపు మనుషులే. వారిలో మెషీన్ షాపు మార్టిన్ ఉన్నాడు; ఏలూరువాడు, క్రిస్మస్ సరుకులకు దుర్గ్ వెళుతున్నాడు. పద్దెనిమిదేళ్ళు గురునాథరావుగారి ప్రక్క లేతు మీద పనిచేసినవాడు. సంగతి విని, కారు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు:

"అన్నయ్యగారూ, పంచ్‌లు ఉన్నాయి, సుత్తి ఉంది. ఎస్సైగారు అటు తిరిగి ఉన్నాడు. నేను అడ్డం నిలబడతాను. పాత అంకెలు అరగదీసి 7340 కొట్టేయండి. పై అంకెలు గీకితే అడుగున అసలు నంబరు బయటపడిందని చెబుదాం. ఇక్కడ ఆయన వదిలినా, అక్కడ ఆర్టీవోవాడు వదలడండీ."

ఆ మాట నిజం. పోలీసువారు అడ్డగించకపోయినా తనిఖీలో ఈ నంబరు పట్టుబడి తీరేది. అచ్చమ్మగారు మంకీ క్యాపు తీసివేసి అందుకొన్నారు: "కొట్టీరాదేటి! పన్నెండేళ్ళు ఆ సెడ్డులో మీరు తిన్న దుమ్ము నానెరుగుదును. నాలుగంకెలకి బండిని వొగ్గీసుకుంటారేటి?"

ప్రక్కన నిలబడ్డ కానిస్టేబుల్ చేతులు వెనుకకు కట్టుకొని ఆకాశం చూస్తున్నాడు.

గురునాథరావుగారు పంచ్‌ల పెట్టె మూత వేశారు.

"ఆ ముక్క ఆళ్ళు సెయ్యలేదు, మార్టినూ. నాను సేసాను. ఆళ్ళ నంబరు నానెలాగ కొడతాను? రేపది ఇరిగితే ఇంగ్లండోళ్ళ పేరు సెడాలా? పోతే బండి పోనీ. నా నంబరు మాత్రం నాను సెరపను."

"ఓలమ్మో, అయితే పోనీండి" అన్నారు అచ్చమ్మగారు. అని, ముక్కు తుడుచుకొని, సంచిని ఒళ్ళో సర్దుకొన్నారు. "ఇంకా సూత్తావేటి మార్టినూ, మీ అన్నయ్యగారు సెప్పేసేరు కదా."

దేవాంగన్ తిరిగి వచ్చాడు. పై అధికారి దొరకలేదట. "బండి ఠాణాకే" అన్నాడు.

అప్పుడు కానిస్టేబుల్ సెల్యూట్ చేసి నోరు విప్పాడు. అతని పేరు ఖేమ్‌లాల్, ఛత్తీస్‌గఢీవాడు. "సాబ్, నేను పుట్టి పెరిగింది సెక్టర్ 4లో. మా ఇంటికి రెండు ప్రక్కలా తెలుగువాళ్ళే. వీళ్ళు ఇప్పుడు మాట్లాడుకొన్నదంతా నాకర్థమైంది."

మార్టిన్ ఒక అడుగు వెనుకకు వేశాడు. అచ్చమ్మగారు, "సచ్చేం" అన్నారు.

"దానికీ అర్థం తెలుసు, అమ్మా" అన్నాడు ఖేమ్‌లాల్ తెలుగులో. తరువాత దేవాంగన్ వైపు తిరిగి, మార్టిన్ ఏమి సలహా ఇచ్చాడో, పెద్దావిడ ఏమన్నదో, పెద్దాయన ఏమని నిరాకరించాడో, ఒక్క మాట వదలకుండా హిందీలో అప్పజెప్పాడు.

దేవాంగన్ మళ్ళీ వంగి ఆ అయిదంకెలను చూశాడు.

"దొంగ అయితే ఆరేళ్ళ క్రితమే పుస్తకంలో ఉన్న నంబరు గుద్ది ఉండేవాడు" అన్నాడు. "పంచ్‌లు ఉన్నాయి, చెయ్యి ఉంది, అడిగేవాడు లేడు. తన నంబరు తానే గుద్దుకొని రోడ్డెక్కే దొంగను నేను నా సర్వీసులో చూడలేదు. ఖేమ్‌లాల్, కాగితాలు తే."

కారు బానెట్టు మీదనే పంచనామా వ్రాయించాడు. ఇంజను నంబరు పుస్తకంతో సరిపోయినదనీ, చాసిస్ ముందుభాగం తుప్పువలన మార్చబడినదనీ, దాని మీది అంకెలు మార్చినవాని టోకెన్ నంబరనీ, దురుద్దేశం కనబడలేదనీ నాలుగు పేరాలు. సాక్షులు కావాలన్నాడు. మార్టిన్ మొదట సంతకం చేశాడు. తరువాత టీగ్లాసులు క్రింద పెట్టి ఒకరి వెనుక ఒకరు తొమ్మిదిమంది చేశారు. ప్రతివాడూ సంతకం ప్రక్కన ఒక నంబరు వేశాడు.

"ఇవేమిటి? ఫోన్ నంబర్లా?"

"టోకెన్ నంబర్లు సాబ్" అన్నాడు మార్టిన్. "అది లేకపోతే మా షాపులో సంతకం చెల్లదు."

దేవాంగన్ నవ్వి, తన సంతకం ప్రక్కన తన బ్యాడ్జి నంబరు వేశాడు.

పదకొండూ ఇరవైకి కారు కదిలింది. ఖేమ్‌లాల్ కూడలిలోని లారీలను ఆపి దారి ఇచ్చాడు.

దుర్గ్‌లో ఆర్టీవో ఇన్‌స్పెక్టరు బానెట్టు ఎత్తించి అన్నిటికంటే ముందు చాసిస్ నంబరే చూశాడు. కలం మూత తీశాడు. ఏమి వ్రాయబోతున్నాడో గురునాథరావుగారికి తెలుసు. అచ్చమ్మగారు సంచిలోనుంచి పంచనామా తీసి, భర్త అడగకముందే ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి, ముప్ఫై అయిదేళ్ళ హిందీనంతా కూడదీసుకొని, "పహలే యే పఢియే", ముందు ఇది చదవండి, అన్నారు.

ఆయన చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఈ కాగితం లేకుండా వచ్చి ఉంటే ఈ నిమిషానికి మీ బండి రద్దయ్యేది" అన్నాడు. "పోలీసు విచారణ జరిగి, పది మంది సాక్షులు ఉన్నారు కనుక, పాత నంబరు మళ్ళీ గుద్దమని నేను ఆర్డరు ఇవ్వవచ్చు. గుద్దేవానిని పిలిపించడానికి వారం పడుతుంది."

"పంచ్‌లు నా దగ్గరున్నాయి సాబ్. మీరు వ్రాసి ఇస్తే అది మీ నంబరు. కొడతాను." పంచ్‌ల పెట్టె మూత తీస్తూ, "నాది చెరపను" అన్నారు.

"చెరపమని ఎవరన్నారు? దాని క్రింద కొట్టండి."

ఆర్డరు వ్రాసి చేతికిచ్చాడు. గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు. గురునాథరావుగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఏడు, మూడు, నాలుగు, సున్న. ఒక్కొక్క అంకెకు ఒక్కటే దెబ్బ. రెండవ దెబ్బ ఏ అంకెకూ అవసరపడలేదు. కార్యాలయపు గుమాస్తాలు కిటికీలలోకి వచ్చారు. నాలుగంకెలూ గీత గీసినట్లు ఒకే వరుసలో నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరు వేలితో తడిమి చూసి, పుస్తకం మీద ముద్ర వేసి, అయిదేళ్ళకు సంతకం చేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ గొంతు మా వంటింట్లోకి వినబడింది. మార్టిన్ అప్పటికే కూడలిలో జరిగిన సంగతి టెలిఫోనులో చెప్పడం వలన వీధి వీధంతా గేట్ల దగ్గర నిలబడి ఉన్నది. పచ్చకారు మలుపు తిరిగి, నేరుగా వచ్చి, వారి ఇంటి ముందు ఆగకుండా సాగిపోయింది.

"అయిదేళ్ళు రాసిచ్చేరు, టీచరమ్మా!" అని అచ్చమ్మగారు నా వైపు చేయి ఊపారు. తరువాత భర్త భుజం మీద ఒక్కటి చరిచి, "మన గేటు ఎక్కడికీ పోదు, పోనీయండీ! ఎనిమిదో సెక్టారు కూడా సూడాలి!" అన్నారు. కారు ఎనిమిదో సెక్టరు వైపు తిరిగింది.