నూరేసి పెరిగే ఇంటి నంబర్లు

మా కాలంలో తెలియని సంగతి ఎదురైతే తెలిసినవాణ్ణి అడగాలన్న ఆలోచన చాలామందికి వచ్చేది. నాకు మాత్రం వచ్చేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, ఎడమచేతికి గడియారం, జేబులో పెన్సిలు, బస్సు డిపోలో టైమ్ కీపరు ఉద్యోగం. ఇన్ని ఉన్నవాడు ఇంకొకణ్ణి అడగడమేమిటి? బడిలో లెక్కల్లో రెండుసార్లు తప్పి, ఆ తరవాత నాకు నేనే కూర్చుని నేర్చుకున్నవాణ్ణి. (పంతులు నేర్పిన లెక్క మీద అనుమానం రావచ్చు గాని, సొంతంగా నేర్చుకున్న లెక్క మీద ఎవరికైనా వస్తుందా?) ఏ బస్సు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. లాల్‌దర్వాజాలో మా ఇంటి నుంచి చార్మినార్ దాకా నడక ఎన్ని నిమిషాలో, దారిలో పలకరించేవాళ్లు ఉంటే ఎన్ని, లేకపోతే ఎన్ని, అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి ఉండేవి.

మా మేనమామ అమ్మవారి గుడిలో దీపాల సేవ చూసేవాడు. అత్తకు జబ్బు చేసి తగ్గినప్పుడు నేపాల్ వెళ్లి పశుపతినాథుణ్ణి చూస్తానని మొక్కుకున్నాడు. పరాయి దేశం, భాష రాదు, మూడు రైళ్లు మారితే గాని చేరలేం. అందుకని తనకూ అత్తకూ తోడుగా నన్ను రమ్మన్నాడు. నేను సంబరంగా ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. మామ కూతురికి రెండు సంబంధాలు నడుస్తున్నాయి. ఒకటి నేను. రెండోది మలక్‌పేటలో ఉండే, రోడ్ల పనులు చూసే ఒక ఓవర్సీరు. "నేపాల్ కెల్లి వచ్చినంక చెప్త" అన్నాడు మామ. అంటే ఈ ప్రయాణమే నాకు పరీక్ష.

దసరా వెళ్లాక బయలుదేరి, రక్సౌల్ దాకా రైళ్లలో, ఆపైన బస్సులో ఖాట్మండు చేరాం. ఎక్కడా ఒక్క బండి తప్పలేదు. మూడు రోజుల్లో దర్శనాలన్నీ అయిపోయాయి. నాలుగో రోజు పొద్దున ధర్మశాల అరుగు మీద కూర్చుని మామ నిట్టూర్చాడు.

"గింత దూరమొచ్చి శివుని అత్తగారిల్లు చూడకుంట వాపస్ పోతమా ఏంది? మంచుకొండ ఒక్కటన్న కండ్లార చూడాలె."

ఊళ్లో నుంచి సరిగ్గా కనిపించదనీ, చుట్టూ ఉన్న కొండల్లో ఒకటి ఎక్కితే వరసంతా కనిపిస్తుందనీ ధర్మశాల కాపలాదారు చెప్పాడు. "ఫికర్ జెయ్యకు మామా, చార్టు నేనేస్త" అన్నాను.

పక్క సందులో పాత పుస్తకాల దుకాణంలో ఒక పటం దొరికింది. ఎవరో తెల్లవాడు వదిలిపోయినది. ఒక మూల ఎలుకలు కొట్టేశాయి (ఏ గుర్తుకు ఏమి అర్థమో రాసి ఉండే మూల అదేనని తరవాత తెలిసింది). మిగిలిన పటం నిండా సన్న సన్న గీతలు, వంకర్లు తిరుగుతూ, ఒకదాని పక్కన ఒకటి. పాతబస్తీలో పుట్టినవాణ్ణి, సందులు నాకు కొత్తా? కొండకు సగం పైన ఒకచోట గీతలు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, చార్మినార్ దగ్గర కూడా అన్ని సందులు లేవనిపించింది. అంత ఇరుకుగా ఉన్నదంటే అది పెద్ద బజారే. మామ పంచె అంచు నుంచి ఒక దారం లాగి, పటం మీద పరిచి, మైళ్లు కొలిచి, నా పుస్తకంలోని చార్మినార్ నడకతో భాగించి, డిపో పద్ధతిలో చార్టు తయారు చేశాను. 6.10 బయలుదేరుట. 8.25 టీ, ఐదు నిమిషాలు. 11.40 పెద్ద బజారు, భోజనం, యాభై నిమిషాలు. 1.15 శిఖరం, దర్శనం.

అత్త పటం మీదికి వంగింది. "గీ నంబర్లేంది అల్లుడా?"

"ఇంటి నంబర్లత్తా."

"ఆరువేలు, ఆరువేల నూరు, ఆరువేల రెండు నూర్లు... నడుమిట్ల ఇండ్లు లేవా?"

"నడుమ ఇండ్లకు బై నంబర్లుంటయ్. మనకాడ లేవా?" అన్నాను. (ఇంత వరసగా నంబర్లు వేసిన మునిసిపాలిటీని చూసి మనసులో మెచ్చుకున్నాను కూడా.)

"గంత పెద్ద బజార్ల ఒక్క గుడి గుర్తు గూడ లేదేంది?" అని గొణిగి, "సరే తియ్, ఇన్ని అటుకులన్న మూట గడ్త" అంది.

"వద్దత్తా! బజార్ల తినేటోల్లం, బరువెందుకు? శేరు బరువుకు మైలుకు అర నిమిషం పోతది."

మరునాడు సరిగ్గా 6.10కి కదిలాం. ఊరి చివరి దాకా చార్టు చార్టులాగే నడిచింది. తరవాత దారి కాస్తా మేకల బాట అయింది. 8.25కి టీ కాదు కదా, నీళ్లు కూడా కనిపించలేదు. మామ మోకాళ్లు పట్టుకుని ఎక్కుతున్నాడు. నేను ముందు నడుస్తూ, "అగో, ఆ మూల తిరిగితే బజారే" అని ప్రతి మూలా తిప్పాను. 11.40కి చేరవలసిన చోటికి 1.50కి చేరాం.

ఎదురుగా రాయి. అయిదారు తాటిచెట్ల ఎత్తున గోడలా నిలబడి ఉంది. దాని మీద ఒక్క గడ్డిపోచ కూడా నిలవడం లేదు.

"బండి రెండు గంటల పది నిమిషాలు లేటు," అన్నాడు మామ ఆయాసపడుతూ. "ఏడున్నది బజారు?"

నేను పటం చూశాను, రాయిని చూశాను, మళ్లీ పటం చూశాను. అప్పుడు తట్టింది. నంబర్లు వీధి పొడవునా పెరగడం లేదు. ఆకాశం వైపు పెరుగుతున్నాయి.

అత్త తల పైకెత్తి చూసింది. "అల్లుడా, ఆరువేల నాలుగు నూర్ల నంబరింట్ల ఎవరుంటరు? గద్దలా?"

మామ నవ్వలేదు. బండ మీద కూలబడి, "ఆ ఓవర్సీరు పిలగాడైతే గిట్ల చేస్తుండెనా?" అన్నాడు. నేను చార్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంతలో గడ్డిమోపుతో ఒక ఆడమనిషి వచ్చింది. మా దక్నీ ఉర్దూలో, "అమ్మా, బజార్ కిధర్ హై?" అని అడిగాను. ఆమె రాయిని చూసి, మమ్మల్ని చూసి, మోపు కింద పడేసి మరీ నవ్వింది. నవ్వడం అయ్యాక, రాయి పక్కనుంచి అడ్డంగా నడిపించి తన ఇంటికి తీసుకుపోయింది. ఉడకబెట్టిన ఆలుగడ్డలు, ఉప్పు, నూరిన మిరపకాయలు పెట్టింది. అలాంటి భోజనం ఏ బజారులోనూ తినలేదు. మామ పెరటి గోడ మీద కూర్చుని రెండో ఆలుగడ్డ వలుస్తుండగా, ఎదురుగా ఉన్న మబ్బు మెల్లగా పక్కకు జరిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా మంచుకొండలు! మామ ఆలుగడ్డ చేతుల మధ్యే ఉంచి దండం పెట్టేశాడు. అత్త దాన్ని మెల్లగా లాగేసి, "ఇగ మొక్కు" అంది. నేను గడియారం చూసి చార్టులో "3.05 దర్శనం" అని రాసుకున్నాను. (ఎంత ఆలస్యమైనా రాసుకోవడం మా డిపో ధర్మం.)

తిరుగు ప్రయాణంలో మామ పెళ్లి మాట ఎత్తలేదు. పటం మాత్రం అడిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

తరవాతి ఆదివారం ఓవర్సీరు తండ్రితో కలిసి మామ ఇంటికి వచ్చాడు. టీ అందించే పని నాది. (మేనల్లుడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?) మామ తీరుబడిగా ఆ పటం తీసి చాప మీద పరిచాడు. "బాబూ, గీ గీతలేంది జర చెప్పుండ్రి."

ఓవర్సీరు ఒక్క చూపు చూశాడు. "ఇవి ఎత్తు చూపించే గీతలండీ. గీతకు నూరడుగులు. ఇలా ఒత్తుగా ఉన్నాయంటే నిట్టనిలువు కొండ అన్నమాట." చేతిలోని పళ్లెం వెనక దాక్కోవాలని చూశాను గాని, పళ్లెం చిన్నది.

"మరి మమ్ములను తోల్కపోతే మీరైతే ఎట్లెక్కిస్తుంటిరి?"

"ఎక్కించేదేముందండీ? పెద్దవాళ్లతో అయ్యే పని కాదని పటం చూడగానే తెలిసిపోతుంది. ధర్మశాలలోనే కూర్చోబెట్టేవాణ్ణి."

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. వాళ్లు వెళ్లిపోయాక మామ పటాన్ని మెల్లగా మడతల వెంబడే మడిచాడు. "మస్తు తెలివిగల్ల పిలగాడు," అన్నాడు చివరికి. "వాన్ని తీస్కపోతే మంచుకొండ చూడకుంటనే సస్తుంటి." అత్త వెంటనే అందుకుంది: "పటం మన పిల్ల సదువుకుంటది తియ్. నడిచెటోడైతే దొరికిండు గద." తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ఇరవై ఏళ్లు దాటింది. ఆ గీతల సంగతి పుస్తకాలు తెప్పించుకుని మరీ నేర్చుకున్నాను. ఎలాంటి పటమిచ్చినా ఎక్కడ ఎంత ఎత్తో చెప్పగలను. మొన్న జహనుమాలో ఒక పెళ్లి భోజనం చేశాక, "ఫలక్‌నుమా చడావు మీదికి నడుద్దమా? పైకెల్లి ఊరంత కనవడ్తది" అంది మా ఆవిడ, ఆనాడు తలుపు వెనక దగ్గినావిడే. నేను ఆ ఎత్తుదారిని కింది నుంచి పైదాకా చూసి, ఎన్ని గీతలవుతుందో మనసులో లెక్కగట్టి, ఆటోను పిలిచాను. ఆవిడ చడావు వైపు ఒకసారి చూసి ఎక్కి కూర్చుంది. ఆటో కదిలాక నాకు, అన్నీ తప్పుగా తెలిసిన ఆ టైమ్ కీపరు పిల్లవాడు పక్కన నడుస్తూ గడియారం చూసుకుంటున్నట్టు అనిపించి నవ్వొచ్చింది. కాస్త జరిగి చోటిద్దును గాని, వాడు ఎక్కే రకం కాదు.