రాజుగారి చైనా నెప్పులు

ఆంజనేయరాజుగారికి ఒంట్లో ఎక్కడ నెప్పి పుట్టినా చైనా భాషలోనే పుట్టేది. మోకాలు పట్టేస్తే మనం మోకాలనే అంటాం. ఆయన 'షీగాయ్' అనేవారు. కడుపు 'దూజ', మెడ 'బోజ', నడుము 'యావ్'. పోనీ ఏ చైనాలోనో ఉద్యోగం వెలగబెట్టి వచ్చారా అంటే, భీమవరం నుంచి ఇటు నరసాపురం, అటు నిడదవోలు జంక్షను దాటి ఎరగని మనిషి. రొయ్యల చెరువులు, ఓ పాత స్కూటరు, ఎవరితో మాట్లాడినా చివర ఓ 'అండి'. ఆ 'అండి'ని చైనా భాషకి కూడా తగిలించిన ఘనత మాత్రం ఆయనదే. 'షీగాయ్ అండి' అని ఆయన మూలుగుతుంటే, అబ్బో, ఆ మర్యాద విని తీరాలి.

తొంభై ఏడు వానాకాలందాకా ఈ గొడవ లేదు. అప్పటివరకూ రాజుగారికి జలుబు కూడా చేసి ఎరగదు. ఓ పన్ను పుచ్చి బుగ్గ బూరెలా పొంగితే బజార్లో చైనా డాక్టరు దగ్గరికి వెళ్ళి పీకించుకొచ్చారు. ఆ డాక్టరు పేరు చెన్ గారు. ముఖం చైనా, పుట్టింది కలకత్తా, మాట మాత్రం అచ్చం మన పక్కింటివాళ్ళదే. "ఆయ్, కాస్త నోరు తెరవండి" అనేవారు. ఆ పన్ను పోయిన మర్నాటినుంచే రాజుగారికి రోజుకో చోట నెప్పి మొదలైంది. రోజూ మధ్యాహ్నం భోంచేసి, ఆ నెప్పి పట్టుకుని చెన్ గారి దగ్గరికే పరుగు.

"మోకాలి నెప్పికి పళ్ళ డాక్టరేంటండీ?" అనేవారు భార్య సుబ్బాయమ్మగారు.

"అక్కడ చెప్పుకుంటే తగ్గుతుంది."

"అదేదో నాకు చెప్పుకోవచ్చుగా?"

"నీకు చైనా భాష రాదుగా," అని స్కూటరు తన్నేవారు.

పొద్దున్న గెడ్డం గీసుకుంటూ అద్దంలో ముక్కు పట్టుకుని 'బీజ, బీజ' అనుకునేవారు. చేపల పులుసు వడ్డిస్తే "ఆ థౌ ఇటు వెయ్యి" అని తలకాయ అడిగేవారు. పూజ గదిలో దండం పెడుతూ కూడా పెదవులు ఆడుతుంటే, సుబ్బాయమ్మగారు దగ్గరికెళ్ళి చెవి ఒగ్గారు. స్తోత్రం కాదు, భుజానికీ మోచేతికీ ఏమంటారో వల్లె వేసుకుంటున్నారు. ఆవిడ అప్పటికప్పుడు దేవుడి ముందు రెండు లెంపలు వేసుకుని, ఆయన తరఫున ఇంకో రెండు వేసుకున్నారు.

ఇదొక అంటువ్యాధి కూడానూ. చెరువు దగ్గర కాపలా ఉండే బుల్లియ్యకి పాకింది. ఓ రోజు గట్టు మీద జారిపడి, "అమ్మో నా యావ్! నా యావ్ పోయిందండోయ్!" అని ఏడుపు. చుట్టూ చేరినవాళ్ళు బుల్లియ్యది ఏదో వస్తువు చెరువులో పడిందనుకుని, ఇద్దరు నీళ్ళలోకి దిగి వెతకడం మొదలెట్టారు. రాజుగారొచ్చి, "నడుమండీ బాబూ, మనిషిని లేపండి," అనేదాకా వాడలాగే పడున్నాడు.

ఊరంతా నవ్వుకుంది గానీ సుబ్బాయమ్మగారికి నవ్వు రాలేదు. ఏ రోగమూ ఎరగని మనిషికి ఒంట్లో ఒక్క చోటూ మిగలకుండా నెప్పి ఏంటి? తనకి అర్థం కాని భాషలో చెప్పుకోవడం ఏంటి? తన దగ్గర ఏదో దాస్తున్నారు. ఏదో పెద్దదే వచ్చింది. ఆ ఆలోచన వచ్చాక ఆవిడకి ముద్ద దిగడం మానేసింది. బలవంతాన మొదటిసారి నిడదవోలు దాటించి రాజమండ్రి తీసుకెళ్ళి రక్తం, ఎక్స్‌రే, గుండె, అన్నీ తీయించారు. "మీ ఆయనకేం లేదమ్మా, ఇంకో ఇరవయ్యేళ్ళు చెరువులు చూసుకోవచ్చు," అన్నారు అక్కడి పెద్ద డాక్టరు. ఆ మాటతో ఆవిడకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఏం లేదని అంత నవ్వుతూ చెప్పారంటే ఎంత ఉందో!

ఇంక లాభం లేదని ఓ మధ్యాహ్నం రిక్షా కట్టించుకుని తిన్నగా చెన్ గారి ఆస్పత్రికి వెళ్ళారు. గాజు బీరువాలో కట్టుడు పళ్ళ సెట్లు పళ్ళికిలిస్తూ ఉన్నాయి. ఆవిణ్ణి చూడగానే చెన్ గారు కంగారుగా లేచారు.

"అమ్మగారూ, మీరా! రండి, కూర్చోండి. ఏ పన్నండీ?"

"పన్ను కాదండీ. మా ఆయనకి ఏం రోగమో చెప్పండి. ఇంకా ఎన్నాళ్ళుంటారో అదీ చెప్పెయ్యండి. నేను గుండె రాయి చేసుకునే వచ్చాను."

అంతలో లోపల్నుంచి "షీగాయ్ అండీ! అబ్బా, షీగాయ్ అండీ!" అని పెద్ద కేక. ఆవిడ గబుక్కున వెళ్ళి కర్టెను పక్కకి లాగారు.

లోపల ఓ ముసలావిడ. చెన్ గారి తల్లి. పళ్ళ డాక్టరు తల్లికి నోట్లో ఒక్క పన్ను లేదు. ముందు పీట మీద పంచె పైకి లాక్కుని రాజుగారు. ఆవిడ బొటనవేలు మోకాలిచిప్ప పక్కన గుచ్చి తిడుతోంది, తిడుతూ నవ్వుతోంది, నవ్వుతూ ఓ గ్లాసుడు నల్లటి కషాయం ఆయన నోటికి పెడుతోంది. ఇంట్లో నెప్పి బిళ్ళ వెయ్యాలంటే మంచం చుట్టూ పరిగెత్తించే మనిషి, గటగటా తాగేస్తున్నారు! ఇద్దరిలో ఒక్కరూ గుమ్మం వైపు చూడలేదు.

చెన్ గారు ఆవిణ్ణి మెల్లిగా ముందుగదిలోకి తీసుకొచ్చారు.

"మా నాన్నగారు పోయాక అమ్మని కలకత్తా నుంచి తెచ్చేసుకున్నానండి. ఇక్కడ ఆవిడ మాట ఎవరికీ రాదు, ఎవరి మాటా ఆవిడకి రాదు. పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చునేది. నన్ను పంపెయ్యరా అని ఒకటే గోల. అక్కడెవరున్నారండీ? రాజుగారు పన్ను పీకించుకోడానికొచ్చినప్పుడు ఆ బుగ్గ చూసి అమ్మ ఏదో అంది. ఈయన నోట్లో దూదితోనే ఆ మాట తిరిగి అన్నారండి. ఈ ఊరొచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు. కలకత్తాలో చుట్టుపక్కల అందరికీ నెప్పులకి మందు తనే ఇచ్చేది. ఆ సంగతి విని, మర్నాడు రాజుగారు మోకాలు చూపిస్తూ వచ్చేశారు, దీన్నేమంటారండీ అని."

"అయితే ఆయనకి ఏ రోగమూ లేదా?"

"గుండ్రాయిలా ఉన్నారండి."

సుబ్బాయమ్మగారు కుర్చీలో కూలబడి, అమ్మయ్య అని చెంగుతో కళ్ళొత్తుకున్నారు. తడి ఆరగానే ఒళ్ళు మండింది. "మరి నాకు చెబితే ఏం పోయింది?"

చెన్ గారు నసిగారు. "మీకు చెబితే సాయంత్రానికల్లా భీమవరమంతా తెలుస్తుందన్నారండి. నెప్పులు ఉత్తుత్తివని అమ్మ చెవిన పడిందంటే ఇంకేముంది, మళ్ళీ కలకత్తా పాటే."

అదీ నిజమే. కడుపులో మాట దాచుకోవడం ఆవిడ వల్ల ఎన్నడూ కాలేదు.

"ఇంకో సంగతండి," అని చెన్ గారు గొంతు బాగా తగ్గించారు. "ఇది రాజుగారికి కూడా తెలీదు. అమ్మ మొదటిరోజే నాడి చూసి, ఈ మనిషికి ఏ రోగమూ లేదు అనేసింది. మరెందుకు మందిస్తున్నావమ్మా అంటే, పాపం ఇంట్లో ఈయన మాట వినే దిక్కు లేనట్టుంది, అందుకే రోజూ ఏదో నెప్పి వంకతో వస్తున్నాడు, నేను కలకత్తా వెళ్ళిపోతే ఈయన గోడు ఎవరు వింటారురా, అంది. అప్పట్నుంచి టికెట్టు మాటే ఎత్తలేదండి."

"వినే దిక్కు లేదా!" సుబ్బాయమ్మగారు లేచి నిలబడ్డారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నానండీ నేను! రొయ్యలకి మచ్చలొస్తే నాకే చెప్పారు, వాన రాకపోతే నాకే చెప్పారు…"

"అమ్మగారూ, మీకు దండం పెడతాను. ఆవిడతో అనకండి."

అప్పుడే కర్టెను తొలగించుకుని ముసలావిడ రానే వచ్చింది, వెనకాల మూతి తుడుచుకుంటూ రాజుగారు. ఈవిడెవరని కొడుకుని అడిగింది కాబోలు, చెన్ గారు చెప్పారు. అంతే. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని సుబ్బాయమ్మగారికేసి వేలు చూపిస్తూ తిట్లు అందుకుంది. ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్ళీ అందుకుంది.

"తెలుగులో చెప్పమంటారాండీ?" అన్నారు చెన్ గారు బిక్కచచ్చిపోయి.

"అక్కర్లేదు. అర్థమైంది."

అత్తగారి చేత కూడా ఒక్క మాట పడని సుబ్బాయమ్మగారు తల వంచుకుని చివరిదాకా పడ్డారు. పడి, రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. ముసలావిడ కాస్త మెత్తబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని రాజుగారి చేతిలో పెట్టింది.

స్కూటరు బజారు దాటాక రాజుగారు నెమ్మదిగా అడిగారు. "నీకంతా తెలిసిపోయింది కదూ. ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టండీ బాబూ."

"అంతసేపు ఆవిడ నిన్నేమంది?"

సుబ్బాయమ్మగారికి మాట పెదవిదాకా వచ్చింది. మింగేశారు. జన్మలో మొదటిసారి. "నా పళ్ళు బావున్నాయందండి. మరి రేపేం నెప్పి?"

"నడుం చెబుదామనుకుంటున్నాను."

"నడుం వద్దు. ఆ బొటనవేలు నడుం మీద పడిందంటే మీరు నిజంగానే మంచమెక్కుతారు. చిటికెన వేలు చెప్పండి."

"చిటికెన వేలికి ఏమంటారో రాదే నాకు."

"రాకపోతే అడిగి నేర్చుకోండి. మీకు నేర్పడానికి ఆవిడకి ఓ పూట పడుతుంది," అన్నారు సుబ్బాయమ్మగారు, వెనక సీటు మీద సర్దుకుని కూర్చుంటూ.